ఐటీలో నాలుగైదేళ్లు నిండాక: ఉన్నచోటే ఎదగాలా, మారాలా?

విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో ఇంజనీరింగ్ చదివి, క్యాంపస్ సెలెక్షన్లలో ఏదో ఒక పెద్ద సర్వీస్ కంపెనీలో చేరి, నాలుగైదేళ్లు పూర్తి చేసుకున్నవారు నన్ను తరచుగా ఒకే ప్రశ్న అడుగుతుంటారు. కంపెనీ మారడం మంచిదా, ఉన్నచోటే ప్రమోషన్ కోసం చూడాలా, లేక అన్నీ వదిలి ఎం.ఎస్.కు వెళ్లిపోవాలా అన్నదే ఆ ప్రశ్న. అందులో కంపెనీ పేరుంటుంది, ఊరి పేరుంటుంది, జీతం అంకె తప్పకుండా ఉంటుంది. చేయబోయే పని ఏమిటన్నది మాత్రం ఉండదు. నా ఉద్దేశంలో ముందు పనిని ఎంచుకోవాలి, ఆ పని దొరికే కంపెనీని తరువాత చూసుకోవాలి, ఊరి సంగతి ఆ పైన తేల్చుకోవాలి. మన ఇళ్లలో ఈ వరస సరిగ్గా తిరగబడుతుంది, ఎందుకంటే పెళ్లిళ్లలో కలిసిన బంధువులు "ప్యాకేజీ ఎంత, ఎక్కడ పోస్టింగు" అనే అడుగుతారు తప్ప, ఏ సిస్టం మీద పనిచేస్తున్నావని ఎవరూ అడగరు.

ఈ సంగతి నాకు సొంత దెబ్బతోనే తెలిసింది. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏట, జీతం నలభై శాతం పెరుగుతోందన్న సంబరంలో, చేయవలసిన పనేమిటో గట్టిగా అడగకుండానే హైదరాబాదులో మరో కంపెనీకి మారాను. ఇంటర్వ్యూలో గంటసేపు జావా గురించి ప్రశ్నలు వేసినవారు, చేరిన తరువాత నన్ను ప్రొడక్షన్ సపోర్టులో, అంటే నడుస్తున్న సిస్టంలో వచ్చే సమస్యలు చూసే పనిలో, రాత్రి షిఫ్టులో కూర్చోబెట్టారు. రెండేళ్ల పాటు టికెట్లు క్లోజ్ చేయడమే తప్ప చెప్పుకోదగ్గ కోడ్ రాసింది లేదు. మళ్లీ డెవలప్‌మెంట్ ఉద్యోగాల ఇంటర్వ్యూలకు వెళ్లినప్పుడు రెజ్యూమేలో ఆరేళ్ల అనుభవం కనిపించింది గానీ, అడిగిన ప్రశ్నలకు నా దగ్గరున్నవి రెండేళ్ల కిందటి జవాబులే.

అందువల్ల ఏ రెండు దారులనైనా పోల్చే ముందు, గత ఆరు నెలల్లో మీరు స్వయంగా చేసిన పనిని ఒక కాగితం మీద రాయండి. టీం చేసింది కాదు, మీరు చేసింది. ఏ సమస్య వచ్చింది, దాని మూలం ఎలా కనిపెట్టారు, డిజైనులో మీ నిర్ణయం ఏది, క్లయింటుతో నేరుగా మాట్లాడినది ఎంత అన్నవి వివరంగా ఉండాలి. ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది రాసినా ఇదే కాగితం వచ్చేదనిపిస్తే, మీ పని ఎదగడం ఆగిపోయిందని అర్థం. ఏటికేడు కాగితం మారుతోందంటే, జీతం కాస్త తక్కువైనా తొందరపడనవసరం లేదు.

ఉన్నచోటే ఉండటం ఎప్పుడు మేలు

ఉన్న కంపెనీలోనే వేరే ప్రాజెక్టుకు మారడమన్నది మనవాళ్లు చిన్నచూపు చూసే దారి. దానితో పెద్ద హైక్ రాదు, చెప్పుకోవడానికి కొత్త పేరూ ఉండదు. అయితే కొన్ని సందర్భాల్లో బయటి ఆఫర్ కన్నా అదే విలువైనది. ఉదాహరణకు పెద్ద కంపెనీలు తమ లెక్కలు, వ్యాపార వ్యవహారాలు నడుపుకునే శాప్ ఈసీసీ అనే సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తున్నవారి సంగతి చూడండి. ఆ పాత వెర్షనుకు సాధారణ మెయింటెనెన్స్ 2027 చివరితో ముగుస్తుందని ఆ సంస్థే ప్రకటించింది కాబట్టి, క్లయింట్లు దాని కొత్త తరమైన ఎస్/4హానాకు మారుతున్నారు. మీ కంపెనీలోనే అటువంటి మైగ్రేషన్ ప్రాజెక్టు నడుస్తుంటే, పాత సిస్టంలో డేటా ఎక్కడెక్కడ ఏ రూపంలో ఉందో తెలిసిన మీకు లోపలి నుంచి అందులో చేరడం తేలిక. అదే బయటి కంపెనీలో అటువంటి పనికి చేరాలంటే ఎస్/4హానా అనుభవం ముందే ఉండి తీరాలి. బ్యాంకుల మెయిన్‌ఫ్రేముల మీద కోబాల్ రాసేవారికీ ఇది వర్తిస్తుంది. కోబాల్ 1959లో పుట్టిన భాష కావడం వారి కష్టానికి కారణం కాదు. బ్యాంకు లావాదేవీ ఎలా నడుస్తుందో లోతుగా తెలిసిన మనిషి, ఆ తెలివిడిని కొత్త వేదిక మీదికి తీసుకుపోయే అవకాశం కోసం చూడకపోవడమే అసలు సమస్య.

దీనికి పూర్తి భిన్నమైన పరిస్థితి కూడా ఉంది. వెబ్ పేజీలు తయారుచేసే యాంగులర్‌జేఎస్‌కు అధికారిక సపోర్టు 2021 డిసెంబరుతో ఆగిపోయింది, పైథాన్ భాష పాత వెర్షనైన పైథాన్ 2కు అంతకు ముందే 2020 జనవరి 1తో ఆగిపోయింది. ఇటువంటి వాటి మీద నిలిచిన అప్లికేషనును మార్చే ఉద్దేశం క్లయింటుకు లేకపోతే, మీ మేనేజరుకు మీరంటే ఎంత అభిమానం ఉన్నా, ఆ ప్రాజెక్టులో మీకు భవిష్యత్తు లేదు. ప్రాజెక్టు నుంచి మార్చమని అడిగి, ఆరు నెలలు చూసి, "ఇంకొక్క రిలీజ్ అయ్యాక చూద్దాం" అన్న మాటే మళ్లీ వినిపిస్తే బయటికి చూడవలసిందే.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి ఈ లెక్కలో మరో అంశం చేరింది. చెప్పినది చెప్పినట్టు కోడుగా మార్చే పని, పాత కోడుకు టెస్టులు రాసే పని, డాక్యుమెంటు తయారుచేసే పని యంత్రానికి చాలావరకు సాధ్యమవుతున్నాయి. చెప్పినదే సరిగా ఉందా అని ప్రశ్నించే పని, రెండు సిస్టంల మధ్య తేడా ఎక్కడ వస్తోందో పట్టుకునే పని, ప్రొడక్షనులో అర్ధరాత్రి కూలిన సర్వీసును నిలబెట్టే పని ఇంకా మనిషి మీదే ఉన్నాయి. కాబట్టి కొత్త ఉద్యోగంలోనైనా, పాత ప్రాజెక్టులోనైనా మొదటి రకం పని ఎంత, రెండో రకం పని ఎంత అని అడిగి తెలుసుకోవడం ఇప్పుడు జీతం అడిగినంత అవసరం.

సర్వీస్, ప్రోడక్టు, జీసీసీ

సర్వీస్ కంపెనీలో రకరకాల క్లయింట్లు, రకరకాల రంగాలు పరిచయమవుతాయి; ఆన్‌సైట్ అవకాశం ఉంటుంది; ప్రాజెక్టు ముగిస్తే కొన్నాళ్లు బెంచి మీద, అంటే పని లేకున్నా జీతమిస్తూ, ఉంచుతారు గానీ వెంటనే ఇంటికి పంపరు. దీనికి బదులుగా మీ పనిని మీరు ఎంచుకునే స్వేచ్ఛ తక్కువగా ఉంటుంది. ప్రోడక్టు కంపెనీలో ఒకే సరుకు మీద ఏళ్ల తరబడి పనిచేస్తారు కాబట్టి లోతు వస్తుంది. తాను రాసిన కోడ్ తాలూకు ఫలితం తానే అనుభవించాలి కాబట్టి జాగ్రత్త అలవడుతుంది. అక్కడికి చేరాలంటే డేటా స్ట్రక్చర్లు, అల్గారిథంలు, సిస్టం డిజైను మీద జరిగే ఇంటర్వ్యూలు దాటాలి. పగలు సపోర్టు పని చేసుకుంటూ వాటికి సిద్ధం కావడానికి చాలామందికి ఆరు నుంచి తొమ్మిది నెలలు పట్టడం నేను చూశాను. పదిహేను రోజుల క్రాష్ కోర్సుతో అది కాదు.

జీసీసీలు అంటే విదేశీ సంస్థలు తమ సొంత పనుల కోసం హైదరాబాదు, బెంగళూరు వంటి నగరాల్లో నెలకొల్పుకున్న కేంద్రాలు. బ్యాంకులు, ఔషధ సంస్థలు, రిటైల్ సంస్థలు ఇందులో ఎక్కువ. సర్వీస్ కంపెనీలో ఒక రంగం మీద పట్టు సంపాదించినవారికి ఇవి చక్కగా నప్పుతాయని నా అనుభవం. ఒకే క్లయింటు బ్యాంకుకు నాలుగేళ్లు పనిచేసినవారు, మరో బ్యాంకు జీసీసీలో నేరుగా ఉద్యోగిగా చేరితే వారి రంగ పరిజ్ఞానానికి విలువ దక్కుతుంది, ప్రోడక్టు కంపెనీల ఇంటర్వ్యూలంత కఠినమైన అల్గారిథం ప్రశ్నలూ చాలాచోట్ల ఉండవు. అయితే నిర్ణయాలన్నీ విదేశంలోని ప్రధాన కార్యాలయంలో జరిగి, ఇక్కడికి అమలు పని మాత్రమే వచ్చే కేంద్రాలూ ఉన్నాయి. ఆ టీం అధిపతి ఎక్కడ కూర్చుంటారన్న ఒక్క ప్రశ్నతో ఈ తేడా బయటపడుతుంది. స్టార్టప్‌ల విషయానికొస్తే, ఇంటి మీద అప్పు లేనివారికి, ఆరు నెలల ఖర్చులు చేతిలో ఉన్నవారికి తప్ప నేను సిఫారసు చేయను.

ఆఫర్ లెటరులోని అంకెలు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే తప్పటడుగులు ఎక్కువగా పడేది ఇక్కడే. విజయవాడలోని ఆఫీసులో 11 లక్షల సీటీసీతో (కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) పనిచేస్తూ ఇంటి దగ్గరే ఉంటున్న ఒకరికి, హైదరాబాదులో 16 లక్షల ఆఫర్ వచ్చిందనుకుందాం. చూడటానికి ఏడాదికి 5 లక్షల పెరుగుదల. రెండు చోట్లా బేసిక్ సీటీసీలో సగం అనీ, మొత్తం బేసిక్ మీద 12 శాతం పీఎఫ్ కోస్తారనీ, గ్రాట్యుటీకి బేసిక్‌లో 4.81 శాతం పక్కన పెడతారనీ అనుకుని లెక్క వేద్దాం.

పాత ఉద్యోగంలో యజమాని పీఎఫ్ వాటా 66,000, గ్రాట్యుటీ సుమారు 26,500, పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ 50,000 తీసేస్తే సుమారు 9,57,500 మిగులుతుంది. మీ వాటా పీఎఫ్ మరో 66,000 పోగా నెలకు చేతికి వచ్చేది 74,300 దాకా. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో, 75,000 స్టాండర్డ్ డిడక్షన్‌తో కలిపి 12.75 లక్షల వరకు జీతానికి పన్ను పడదు కాబట్టి ఇందులో పన్ను కోత లేదు. కొత్త ఆఫర్‌లో మొదటి ఏడాదికే పరిమితమైన జాయినింగ్ బోనస్ 1 లక్ష, వేరియబుల్ 2 లక్షలు, యజమాని పీఎఫ్ వాటా 96,000, గ్రాట్యుటీ సుమారు 38,500 ఉన్నాయనుకోండి. అవన్నీ తీసేస్తే ఖచ్చితమైన జీతం (ఫిక్స్‌డ్ పే) సుమారు 11,65,500. మీ వాటా పీఎఫ్ 96,000 పోతుంది. వేరియబుల్ పూర్తిగా వస్తుందనుకుంటే ఆదాయం 12.75 లక్షల గీత దాటుతుంది కాబట్టి, రెండో ఏడాది నుంచి సెస్‌తో కలిపి పన్ను సుమారు 76,500 అవుతుంది. వృత్తి పన్నును పక్కన పెడితే నెలకు చేతికి వచ్చేది 82,700 దాకా.

అంటే 5 లక్షల పెరుగుదల నెల ఖర్చుల దగ్గరికి వచ్చేసరికి ఎనిమిదిన్నర వేలు. వేరియబుల్ సక్రమంగా వస్తే ఏడాదికి అదనంగా లక్షన్నర, పీఎఫ్ ఖాతాలో రెండు వాటాలూ కలిపి అదనంగా 60,000 జమ అవుతాయన్నది నిజమే, వాటిని తక్కువ చేయనక్కర్లేదు. కానీ హైదరాబాదులో అద్దె, భోజనం, రాకపోకలు ఆ ఎనిమిదిన్నర వేలలో సరిపోవు. కొత్త పన్ను విధానంలో ఇంటి అద్దె మినహాయింపు కూడా లేదు. ఈ ఆఫర్‌ను కాదనమని నేను అనడం లేదు. పని బాగుంటే తీసుకోవలసిందే. డబ్బు కోసమే అయితే మాత్రం 16 లక్షలు చాలవని, ఆ మాట ఆఫర్ అంగీకరించక ముందే హెచ్.ఆర్.తో మాట్లాడుకోవాలని చెబుతున్నాను. జాయినింగ్ బోనస్ తగ్గించి ఖచ్చితమైన జీతంలో కలపమని అడగడం అన్నింటికన్నా సులువుగా నెగ్గే బేరం.

ఇంకో మూడు సంగతులు కూడా చూసుకోవాలి. పర్మనెంటు ఉద్యోగికి గ్రాట్యుటీ అందాలంటే ఐదేళ్ల నిరంతర సేవ ఉండాలి కాబట్టి, ఐదేళ్లకు ఐదారు నెలల ముందు రాజీనామా చేసేవారు ఆ మొత్తాన్ని కొత్త కంపెనీ నుంచి రాబట్టుకోవడానికి ప్రయత్నించాలి. మారినప్పుడు పాత పీఎఫ్‌ను తీసేసుకోవడం మన దగ్గర బాగా అలవాటు; మొత్తం సేవ ఐదేళ్లు నిండకముందే తీసుకుంటే దాని మీద పన్ను పడుతుంది, అదే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని మీ పీఎఫ్ సంఖ్య) మీద కొత్త ఖాతాకు బదిలీ చేసుకుంటే పాత సేవాకాలం కూడా కలుస్తుంది. షేర్లు ఇస్తామన్నచోట నాలుగేళ్లలో విడతలుగా చేతికి వచ్చే పద్ధతి ఎక్కువ, మొదటి ఏడాది నిండేదాకా ఒక్కటీ రాదు. మార్కెట్లో నమోదు కాని కంపెనీ షేర్లయితే వాటిని అమ్ముకునే రోజు వచ్చేదాకా జీతంలో కలిపి చూసుకోవద్దు.

ఇక్కడే ఉండి పనిచేయడం

గన్నవరం దగ్గర కేసరపల్లిలో మేధా టవర్స్, హెచ్‌సీఎల్ క్యాంపస్ ఉన్నాయి, మంగళగిరిలోనూ ఐటీ ఆఫీసులు ఉన్నాయి. తల్లిదండ్రులను చూసుకోవలసినవారికి, చిన్న పిల్లలున్నవారికి ఇవి నిజమైన ప్రత్యామ్నాయం. ఆదివారం రాత్రి బెంజి సర్కిల్‌లో బ్యాగు పట్టుకుని హైదరాబాదు బస్సు కోసం నిలబడే బాధ తప్పుతుంది. లోటు ఏమిటంటే, ఇక్కడ ఒక కంపెనీ నచ్చకపోతే పక్కనే మరో పది కంపెనీలు ఉండవు. హైదరాబాదులో ఉద్యోగం మారాలంటే ఆఫీసు మారితే చాలు, ఇక్కడ ఉద్యోగం మారాలంటే సుమారు 275 కిలోమీటర్ల దూరానికి ఇల్లే మార్చవలసి రావచ్చు. జీతం బేరంలో ఈ బలహీనత కంపెనీలకూ తెలుసు.

కాబట్టి నా సలహా వయసును బట్టి, అనుభవాన్ని బట్టి మారుతుంది. మొదటి ఐదారేళ్లు పెద్ద నగరంలో, మీకన్నా బాగా పనిచేసేవారి పక్కన కూర్చుని నేర్చుకోవడం మంచిది. కోడ్ రివ్యూలో మన తప్పును నలుగురి ముందు విప్పి చెప్పే సీనియర్ దొరకడం ఏ కోర్సులోనూ జరగదు. ఎనిమిదేళ్లు దాటి, ఒక రంగంలో మీ పేరు చెబితే తెలిసేంత పట్టు వచ్చాక ఇంటికి రావడం గానీ, రిమోట్ ఉద్యోగం చూసుకోవడం గానీ సురక్షితం. రిమోట్ పని విదేశీ సంస్థకు కాంట్రాక్టు పద్ధతిలో అయితే పీఎఫ్, గ్రాట్యుటీ, కంపెనీ ఆరోగ్య బీమా ఉండవు; అడ్వాన్స్ టాక్స్‌ను జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల 15వ తేదీల లోపు మీరే కట్టుకోవాలి. ఈ ఖర్చులన్నీ చేర్చి చూసుకున్నాకే ఆ డాలర్ల అంకెను ఇక్కడి జీతంతో పోల్చాలి. పగలు ఒక కంపెనీకి, రాత్రి మరొక కంపెనీకి పనిచేసే ఆలోచన ఉంటే మానుకోండి. ఇద్దరు యజమానులూ పీఎఫ్ కడితే ఒకే యూఏఎన్ మీద అది కనిపిస్తుంది.

అమెరికా, ఎం.టెక్.

గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఎం.ఎస్. అన్నది చదువు కన్నా కుటుంబ నిర్ణయం. పొలం తాకట్టు పెట్టి వెళ్లినవారు బాగుపడిన ఉదాహరణలు ప్రతి వీధిలోనూ ఉన్నాయి కనుక ఎవరూ కాదనలేరు. అయితే ఆ ఉదాహరణలు ఎక్కువగా పదేళ్ల కిందటివి. చదువు అయ్యాక స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కోర్సులవారికి 12 నెలల ఓపీటీ (చదువు మీద ఆధారపడిన పని అనుమతి), దాని మీద 24 నెలల పొడిగింపు, మొత్తం మూడేళ్లు పనిచేసే వీలుంటుంది. ఆ లోపు హెచ్-1బి ఉద్యోగ వీసా లాటరీ తగలాలి. ఏడాదికి ఉన్న వీసాలు 65,000, అమెరికాలో పీజీ చేసినవారికి అదనంగా 20,000. ఇండియా నుంచి నేరుగా కొత్త హెచ్-1బి మీద వెళ్లాలనుకునేవారి విషయంలో 2025 సెప్టెంబరు ప్రకటనతో లక్ష డాలర్ల రుసుము వచ్చి పడింది కాబట్టి, ఆ దారి చాలామంది యజమానులకు గిట్టుబాటు కాదు. గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికైనా ఏడు శాతం పరిమితి ఉండటం వల్ల మనవారి నిరీక్షణ ఏళ్లకు ఏళ్లు సాగుతుంది. కాబట్టి మూడేళ్ల ఓపీటీ జీతంతోనే అప్పు తీరుతుందా అన్న ఒక్క లెక్క వేసుకోండి. తీరుతుందనిపిస్తే వెళ్లండి, లాటరీ తగిలితేనే తీరుతుందంటే ఆగండి.

నాలుగేళ్ల అనుభవం తరువాత గేట్ రాసి ఎం.టెక్.కు వెళ్లేవారు తక్కువ. నెలకు 12,400 రూపాయల స్టైపెండ్‌తో రెండేళ్లు గడపడం ఇంటి బాధ్యత ఉన్నవారికి కష్టమే. కానీ సపోర్టు పనిలో చిక్కుకుపోయి, మెషీన్ లర్నింగ్ వంటి రంగానికి మొదటి మెట్టు నుంచి మారాలనుకునేవారికి ఐఐటీ, ఐఐఎస్సీ ఎం.టెక్. అప్పు లేని దారి, పైగా మళ్లీ క్యాంపస్ సెలెక్షన్ దొరుకుతుంది. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి ఉద్యోగంలో ఉండగానే రాసి, ఆ తరువాత నిర్ణయించుకోవచ్చు.

సర్టిఫికెట్లు, మేనేజర్ పదవి, రాజీనామా

సర్టిఫికెట్లు ఉద్యోగం తెచ్చిపెట్టవు, చేసిన పనికి సాక్ష్యంగా మాత్రం పనికొస్తాయి. ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) సర్టిఫికెట్ మూడేళ్లకు, మైక్రోసాఫ్ట్ అసోసియేట్ స్థాయివి ఏడాదికి గడువు తీరతాయి. రెండోదానిని ఆన్‌లైన్‌లో ఉచితంగా పునరుద్ధరించుకోవచ్చు. మీ ప్రాజెక్టు ఏ క్లౌడ్ మీద నడుస్తోందో ఆ ఒక్కటే చేయండి.

మేనేజర్ దారి, సాంకేతిక దారి అన్న ఎంపిక సుమారు ఎనిమిదో ఏట ఎదురవుతుంది. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవారికి పీఎంపీ అనే ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ పరీక్ష రాయాలంటే ప్రాజెక్టులు నడిపిన అనుభవం 36 నెలలు ఉండాలి కాబట్టి నాలుగో ఏటనే దాని గురించి కంగారుపడటం అనవసరం. ఎక్సెల్ షీట్లు నింపడమే మేనేజ్‌మెంట్ అనుకుని ముందుగా ఆ వైపు దిగినవారు, కంపెనీ ఖర్చు తగ్గించుకునే సమయంలో మొదట దొరికిపోతారు.

లేని అనుభవాన్ని చూపించి ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగే కన్సల్టెన్సీలు మన ఊళ్లలోనూ ఉన్నాయి. పీఎఫ్ సేవా చరిత్రతో సరిచూసే రోజుల్లో అది నెలల్లో బయటపడుతుంది, ఒకసారి బయటపడితే రిలీవింగ్ లెటర్ కూడా చేతికి రాదు.

ఇక మారాలనే నిర్ణయించుకుంటే, సంతకంతో కూడిన ఆఫర్ లెటర్ చేతికి రాకముందు రాజీనామా చేయకండి. పెద్ద సర్వీస్ కంపెనీల్లో నోటీసు 90 రోజులు ఉంటుంది. కొత్త కంపెనీ 30 రోజుల్లో చేరమంటే, మిగిలిన రోజులకు పాత కంపెనీకి డబ్బు కట్టి బయటపడేందుకు ఒప్పుకుంటారా లేదా, ఆ డబ్బు ఎవరు భరిస్తారు అన్నది ఈమెయిల్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. చేరబోయే టీం, ప్రాజెక్టు, షిఫ్టు వేళలు కూడా అదే ఈమెయిల్‌లో రాయించుకోండి. ఈ చివరిదానిని నేను నాలుగో ఏట అడిగి ఉంటే ఆ రెండేళ్ల రాత్రి షిఫ్టు తప్పేది.